మూడో తుపాకి ఎవరిది? సరిహద్దు పల్లెలలో లైసెన్సు ఆయుధాల లెక్క

ఎన్నికల ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే సరిహద్దు పల్లెలలో అటకలు దులుపుతారు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బాగేపల్లి, పావగడ తాలూకాలలోను, తమిళనాడు వైపు వేపనపల్లి, తళి, డెంకణికోట ప్రాంతాలలోను వయసు మళ్లిన రైతులు గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి మూటను చంకన పెట్టుకుని పోలీసు ఠాణా దారి పడతారు. అందులో ఉన్నది తాతల నాటి తుపాకి. ఠాణాలో రసీదు రాయించుకుని వచ్చేవారు కొందరు. రసీదు అడగాలని తెలియక ఉత్త చేతులతో తిరిగి వచ్చేవారు మరికొందరు. ఇంకా కొందరి ఇళ్లలో ఆ మూట కిందికి దిగనే దిగదు. ఆ తుపాకి లైసెన్సు ఎవరి పేరున ఉన్నదో, ఆ మనిషి కాలం చేసి ఎన్నేళ్లయినదో ఇంటివారికి కూడా సరిగా గుర్తుండదు.

తుపాకుల మాట ఎత్తగానే పట్నవాసులకు దొంగలు, ముఠాలు, సినిమాలు జ్ఞాపకం వస్తాయి. ఈ పల్లెలలో తుపాకి అంటే వేరుశనగ చేను, రాగి చేను, అర్ధరాత్రి మంచె మీద కావలి. తరతరాలుగా ఇంటికి చేరిన ఆయుధాలు ఒకటి, రెండు, కొన్నిచోట్ల మూడు కూడా కలవు. తాత కాలపు మందు కూరి పేల్చే నాటు తుపాకి ఒకటి, తండ్రి కొన్న పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి ఒకటి, మామగారి ఇంటి నుండి వారసత్వంగా వచ్చినది మరొకటి. దీనిని సంచయమని ఎవరూ అనుకోరు. కాని చట్టం దృష్టిలో ఇది ఆయుధ సంచయమే. దానిని సక్రమంగా నిర్వహించే భారం మాత్రం ఏటా అప్పు చేసి విత్తనం కొనే కుటుంబం మీదనే పడుతున్నది.

రెండింటికి మించరాదు

బ్రిటిషు వారు 1878లో తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుల చేతి తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసినది. స్వాతంత్ర్యానంతరం దాని స్థానంలో 1959 ఆయుధ చట్టం వచ్చినది. దాని కింద అమలు నియమాలు మొదట 1962లోను, వాటి స్థానంలో కొత్తవి 2016లోను వెలువడినవి. చాలాకాలం ఒక మనిషి మూడు తుపాకుల వరకు ఉంచుకొనుటకు వీలుండేది. 2019 డిసెంబరు 14న అమలులోకి వచ్చిన సవరణ ఆ సంఖ్యను రెండుకు కుదించినది. మొదట ప్రతిపాదించినది ఒక్కటే. పార్లమెంటులోను వెలుపలను అభ్యంతరాలు రాగా రెండుగా నిశ్చయించారు. మూడోది ఉన్నవారు ఒక సంవత్సరంలోగా పోలీసు ఠాణాలోగాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్దగాని అప్పగించవలెనని గడువు పెట్టారు. ఆ గడువు 2020 డిసెంబరులో ముగిసినది. అది కరోనా ఏడాది. బస్సులు లేవు, కార్యాలయాలు సగం మూతపడినవి, పల్లెలకు ఈ వార్త చేరనే లేదు. ఆ పరిస్థితిలో మూడో తుపాకి అటక మీదనే ఉండిపోయిన ఇల్లు ఉంటే ఆశ్చర్యపడవలసిన పని లేదు. అంతమాత్రాన చట్టం దానిని క్షమించదు. వారసత్వంగా వచ్చిన ఆయుధానికైనా రెండు అనే పరిమితిలోనే లైసెన్సు ఇవ్వవలెనని అదే సవరణ స్పష్టం చేసినది.

ఇక్కడ కర్ణాటకలోని తెలుగువారికి ఒక అపోహ కలదు. కొడగు వారికి లైసెన్సు అవసరం లేదు గదా, మనకు మాత్రం ఎందుకని అడిగేవారు ప్రతి ఊరిలోను కనబడతారు. కొడవ జాతివారికి, జమ్మా భూముల హక్కుదారులకు ఆంగ్లేయుల నాటి నుండి వస్తున్న ఆ మినహాయింపును కేంద్ర ప్రభుత్వం 2019లో పదేళ్లపాటు, అనగా 2029 వరకు పొడిగించినది. దానిని సవాలు చేసిన వ్యాజ్యాన్ని కర్ణాటక హైకోర్టు 2021లో కొట్టివేసినది. ఆ హక్కు వారి చరిత్రకు సంబంధించినది. కోలారు, చిక్కబళ్లాపుర, తుమకూరు రైతులకు అది వర్తించదు.

తండ్రి పోయిన తరువాత

నిజమైన చిక్కు సంఖ్యలో లేదు, వారసత్వంలో ఉన్నది. లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. లైసెన్సుదారు కన్నుమూసిన క్షణం నుండి ఆ ఇంట ఆ తుపాకిని ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. చట్టంలోని 21వ సెక్షను ప్రకారం అనవసర జాప్యం లేకుండా దానిని ఠాణాలోగాని వ్యాపారి వద్దగాని డిపాజిట్ చేయవలసి ఉన్నది. పెద్దకర్మ కూడా కాని ఇంట ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది? మంగళసూత్రం తీసిన అవ్వ కూర్చున్న గది అటక మీదనే ఆ ఆయుధం ఉంటుంది. చట్టరీత్యా ఆమెయే ఇప్పుడు లైసెన్సు లేని తుపాకిని దగ్గర పెట్టుకున్న మనిషి. ఏళ్లు గడచిన తరువాత ఏ అన్నదమ్ముల తగాదాలోనో ఎవరో ఒకరు ఠాణాకు కబురు చేస్తే, అంతవరకు తాత జ్ఞాపకంగా ఉన్న వస్తువు జైలుశిక్షకు దారితీసే నేరానికి సాక్ష్యమవుతుంది.

డిపాజిట్ చేస్తే తుపాకి పోయినట్లేనన్న భయం పల్లెలలో బలంగా ఉన్నది. "పెద్దాయన తుపాకి నాయనా, ఒకసారి వాళ్ల చేతికిస్తే మళ్లీ మన గడప తొక్కదు" అనే మాట ప్రతి ఇంటా వినబడుతుంది. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. నిర్ణీత గడువులోగా ఎవరూ అడగని ఆయుధాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చును. కాని అదే సెక్షను వారసునికి రెండు దారులు చూపుతున్నది. లైసెన్సు సంపాదించి ఆయుధాన్ని తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హత గల మరొకరికి అమ్మించి ఆ సొమ్ము పొందవచ్చు. ఈ రెండో దారి చాలామందికి తెలియదు. తెలిసి ఉంటే పాడుబడి తుక్కుగా మారిన ఎన్నో మంచి తుపాకులు ఆ కుటుంబాలకు ఒక కారు పంట పెట్టుబడినైనా తెచ్చిపెట్టి ఉండేవి.

ఇంతకంటె మేలైన మార్గం 2016 నియమాలలో కలదు. లైసెన్సుదారునికి 70 ఏళ్లు నిండినా, లేక ఆ తుపాకి ఆయన వద్ద 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అది, ఆయన జీవించి ఉండగానే తాను సూచించిన వారసుని పేరున లైసెన్సు కోరవచ్చును. కొడుకుకు 21 ఏళ్లు నిండి ఉండవలెను. పొలం పట్టా మార్పించుకునే శ్రద్ధలో పదోవంతు దీనిమీద పెడితే చాలు. తండ్రి సంతకం చేయగలిగి ఉండగా జరిగే పని ఒకటి, ఆయన పోయాక నలుగురు వారసుల నిరభ్యంతర పత్రాల కోసం బెంగళూరు, హోసూరు, పూనా తిరగడం మరొకటి. ఖర్చులో ఈ రెండింటికి ఉన్న తేడా ఆ దారి నడిచిన కుటుంబాలకే తెలుసు.

కాగితాల చిక్కు సరిహద్దు జిల్లాలలో మరింత ఎక్కువ. 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి విడిపోయినది. 2007లో కోలారు నుండి చిక్కబళ్లాపుర, 2019లో వేలూరు నుండి తిరుపత్తూరు, రాణిపేట, 2021లో బళ్లారి నుండి విజయనగర ఏర్పడినవి. ఒరిస్సాలో 1992లోనే గంజాం నుండి గజపతి, కోరాపుట్ నుండి రాయగడ వేరుపడినవి. తాత లైసెన్సు మీద ఉన్న జిల్లా పేరు నేటి జిల్లా కాదు. పాత పుస్తకం పట్టుకుని వెళ్లిన మనవడికి ఇది మా రిజిస్టరులో లేదన్న జవాబు రావడానికి ఇది ఒక్కటే చాలు. దానికి తోడు దేశంలోని ఆయుధ లైసెన్సులన్నీ జాతీయ సమాచార నిధిలో చేరి, ప్రతిదానికి ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉండవలెనన్న నియమం వచ్చినది. ఆ సంఖ్య లేని పుస్తకం ఇప్పుడు చెల్లదు. కాబట్టి తుపాకిని చూసే ముందు పుస్తకాన్ని చూడాలి. సంఖ్య ఉన్నదా, చివరి రెన్యూవల్ ఎప్పుడు, తుపాకి గొట్టం మీది అంకెలు పుస్తకంలోని అంకెలతో సరిపోతున్నవా అన్న మూడు సంగతులు ఒక సాయంకాలంలో తేలిపోతాయి.

భాష మరొక అడ్డంకి. షరతులు ఇంగ్లీషులోనో, కన్నడంలోనో, తమిళంలోనో అచ్చయి ఉంటాయి. ఇంట్లో తెలుగు చదవగల తాతకు ఆ లిపి రాదు. బడిలో కన్నడం, తమిళం చదివిన మనవరాలికి అది చిటికెలో పని. పదో తరగతి ఆడపిల్ల చేత లైసెన్సు పుస్తకం చదివించి విన్న ఇంట సగం సందేహాలు ఆ పూటనే తీరుతాయి. పిల్లల చదువు ఇంటికి ఉపకరించే సందర్భాలలో ఇదొకటి.

ఖర్చు ఎక్కడ పోతున్నది

తుపాకి ఉన్న ఇంటికి ఖర్చు తుపాకి వల్ల కాదు, తిరుగుడు వల్ల. ప్రభుత్వానికి కట్టే రుసుము మీద కన్నా జిల్లా కేంద్రానికి బస్సు చార్జీలు, పోయిన కూలిరోజులు, ఫోటోలు, నోటరీ, వైద్య ధృవపత్రం, మధ్యవర్తి చేతి ఖర్చు మీదనే ఎక్కువ డబ్బు పోతుంది. 2019 సవరణ లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెంచినది. ఇది చిన్న రైతుకు నిజమైన ఊరట. అయితే ఐదేళ్లన్నది మరచిపోవడానికి కూడా చాలినంత కాలం. గడువు తీరడానికి రెండు నెలల ముందుగానే రెన్యూవల్ దరఖాస్తు పెట్టవలసి ఉన్నది. ఆ తేదీని గోడ క్యాలెండరులో కాక, పంట రుణం కాగితాలున్న సంచిలో రాసి పెట్టుకున్న ఇల్లు తెలివైనది. ఆ సంచిని ఏటా తప్పక తెరుస్తారు గనుక.

ఒక సంగతి తెలిస్తే ముసలివారి ప్రయాణాలు కొన్ని తగ్గుతాయి. లైసెన్సుదారు రాసి ఇచ్చిన అధికారపత్రంతో మరొకరు ఆ తుపాకిని మరమ్మతుకోసమో, లైసెన్సు రెన్యూవల్ కోసమో తీసుకుని వెళ్లవచ్చునని చట్టంలోనే ఉన్నది. మోకాళ్ల నొప్పులున్న తండ్రిని బస్సెక్కించనవసరం లేదు. కాని ఆ కాగితం జేబులో లేకుండా కొడుకు తుపాకి పట్టుకుని రోడ్డెక్కితే అది వేరే కథ.

రెండు తుపాకులు ఉన్నంత మాత్రాన రెండూ ఉంచుకోవలెనన్న నియమం లేదు. పరిమిత ఆదాయం గల కుటుంబం ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ రెండోది ఏమి చేస్తున్నది? చేను కావలికి ఒక్కటి చాలు. మందు కూరే నాటు తుపాకి పంట రక్షణకు చట్టం ప్రత్యేకంగా గుర్తించిన ఆయుధం. అది చాలదని అధికారి నమ్మినప్పుడే 20 అంగుళాలకు తగ్గని నునుపు గొట్టపు తుపాకిని ఆ పనికి ఇవ్వవచ్చును. రెండింటిలో ఒకదానిని అమ్మదలచినవారు లైసెన్సు గల వ్యాపారికిగాని, లైసెన్సు గల మనిషికిగాని మాత్రమే అమ్మవలెను. నేరుగా మనిషికి అమ్మేటప్పుడు మేజిస్ట్రేటుకుగాని ఠాణాకుగాని ముందుగా రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడచిన తరువాతనే అప్పగించాలి. సంతలో ఎద్దును తోలినట్లు తోలడానికి వీలు లేదు.

తాత జ్ఞాపకంగా మాత్రమే ఉంచుకోవాలనుకునే పాత తుపాకి విషయం వేరు. కాలం చెల్లినదై లేక పురావస్తు విలువ గలదై, బాగు చేసినా చేయకున్నా పేల్చడానికి పనికిరాని ఆయుధానికి చట్టంలోని 45వ సెక్షను మినహాయింపు ఇచ్చినది. గోడకు తగిలించుకోవచ్చును. అయితే అది పనికిరాదని నిర్ణయించేది ఇంటి యజమాని కాదు. తుప్పు పట్టినదని, గుర్రం విరిగినదని మనం అనుకుంటే సరిపోదు. నిపుణుని పరీక్ష, అధికారి కాగితం ఉంటేనే ఆ గోడ భద్రం.

నూనె, తాళం, కడ్డీ

తుపాకిని కాపాడడానికి ఎక్కువ డబ్బు అక్కరలేదు. అయినా మన ఇళ్లలో ఎక్కువ తుపాకులు పాడయ్యేది అశ్రద్ధ వల్లనే. నల్లమందు కాలిన మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినివేస్తుంది. పేల్చిన రోజే వేడినీళ్లు, సబ్బుతో గొట్టం లోపల కడిగి, పాత నూలు పంచె పీలికలతో పొడిగా తుడిచి, పలుచగా నూనె పట్టించాలి. కొబ్బరినూనె, శనగనూనె రాసేవారు చాలామంది. అవి కొన్నాళ్లకు జిగురై పేరుకుపోతాయి. కుట్టుమిషనుకు వాడే నూనె సీసా ఒకటి ఏడాదంతా వస్తుంది. కొయ్య భాగానికి అవిసెనూనె ఒక పూత చాలు. గోనెపట్టా, తోలు సంచి దారిలో తీసుకుపోవడానికే. వాటిలోనే చుట్టి వానాకాలమంతా ఉంచితే చెమ్మ లోపలే నిలిచి తుప్పు పడుతుంది. పొయ్యి పైనున్న అటక కూడా మంచి చోటు కాదు. పొగ, వేడి, ఆవిరి మూడూ అక్కడికే చేరుతాయి.

దాచడంలో ప్రధానమైనది తాళం. లైసెన్సు కోరేటప్పుడు ఆయుధాన్ని భద్రంగా ఉంచుతామని హామీపత్రం రాసి ఇస్తారు. దానిని చదివి సంతకం చేసినవారు అరుదు. ఖరీదైన ఇనుప పెట్టె కొనలేని ఇంట ఉన్న బీరువాయో, టేకు పెట్టెయో చాలు. ట్రిగ్గరు కాపు గుండా గొలుసు వేసి గోడకు బిగించిన కొక్కేనికి తాళం వేస్తే, పెట్టె పగిలినా తుపాకి కదలదు. తూటాలు, మందు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. తాళంచెవులు రెండూ ఒకే గుత్తిలో ఉంటే వేరుగా దాచినట్లు కాదు.

నాటు తుపాకి విషయంలో మరొక జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. కూరిన మందుతోనే అటకెక్కించి మరచిపోవడం పాత అలవాటు. ఏళ్ల తరువాత ఎవరో దులపడానికి దించినప్పుడు అది పేలవచ్చును. ఖాళీ గొట్టంలోకి కడ్డీని అడుగు దాకా దించి, గొట్టం నోటి వద్ద కడ్డీ మీద ఒక గీత పెట్టుకోవాలి. తరువాత ఎప్పుడు దించి చూసినా ఆ గీత నోటికంటె పైన నిలిస్తే లోపల మందో గుండో ఉన్నట్లే. అప్పుడు సొంతంగా తీయబోకూడదు. వ్యాపారి వద్ద పనిచేసే నిపుణునికిగాని, ఠాణాకుగాని తెలియజేయాలి.

పనిముట్ల కొలిమి దగ్గర ఆ పనీ చేయించుకుందామనే ఆలోచన సహజం. నాగలి కర్రు సాగదీసే కమ్మరి చేతికి తుపాకి గుర్రం ఒక లెక్క కాదు. కాని లైసెన్సు లేకుండా తుపాకిని బాగుచేయడం కమ్మరికి నేరం. ఇచ్చినవాడూ చిక్కులో పడతాడు. ఊరి కమ్మరిని జైలుకు పంపి బాగుచేయించుకునే తుపాకి ఏ చేనును కాపాడుతుంది?

పిల్లల సంగతి చెప్పనవసరం లేదు గాని, పెద్దల సంగతి చెప్పవలసి ఉన్నది. అప్పుల ఒత్తిడి, పంట నష్టం, తాగుడు, ఇంటి తగాదా వీటిలో ఏది ముదిరినా తుపాకి ఆ ఇంట ఉండకపోవడమే మంచిది. మనసు కుంగిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు తాళంచెవి దాచడం చాలదు. కొన్ని నెలలపాటు వ్యాపారి వద్ద డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చును. వ్యాపారి అద్దె అడుగుతాడు. ఒక ప్రాణంతో పోల్చితే ఆ అద్దె ఏపాటిది? ఆ మనిషితో ఇంటివారు విడవకుండా మాట్లాడడం, ఆసుపత్రికి తీసుకుపోవడం దానితో పాటే జరగాలి.

ఆయుధపూజ నాడు తుపాకికి పసుపు కుంకుమ పెట్టడంలో దోషం లేదు. జాతరలో, పెళ్లి ఊరేగింపులో సంబరానికి గాలిలోకి పేల్చడం మాత్రం 2019 సవరణ తరువాత ప్రత్యేకమైన నేరం. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ పడవచ్చును.

అడవి పంది, ఆవలి గట్టు

ఇంత శ్రమపడి ఉంచుకున్న తుపాకితో పందిని కొట్టవచ్చునా? కొట్టరాదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. పంట రక్షణ లైసెన్సు తుపాకిని ఉంచుకోవడానికి అనుమతి. అడవి జంతువును చంపడానికి అనుమతి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ శాఖ విడిగా ఇవ్వవలసినది. ఆ చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం అడవి పంది రెండో షెడ్యూలులో ఉన్నది. పంటకు హాని చేస్తున్నదని తేలినప్పుడు అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చును. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ఒక విధానం ప్రకటించినది. రక్షిత అడవి హద్దు నుండి 3 కిలోమీటర్లకు అవతల పంటలను నాశనం చేసే పందులను అటవీ సిబ్బంది కాల్చవచ్చును. కాల్చేది సిబ్బంది, రైతు కాదు. హోసూరు, వేపనపల్లి రైతులు ఈ తేడాను గుర్తించాలి. అనుమతి లేనప్పుడు తుపాకి చప్పుడు చేసి బెదిరించే సాధనం మాత్రమే. చప్పుడుకైతే డప్పు, టపాసులు ఇంతకంటె చవక. పందికోసం పెట్టిన కరెంటు తీగలు, నాటు బాంబులు మనుషుల, ఏనుగుల ప్రాణాలు తీసిన ఉదంతాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. వాటితో పోల్చితే తాళం వేసిన తుపాకియే నయమని రైతులు వాదిస్తారు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు.

సరిహద్దు రైతుకు మాత్రమే ఉన్న చిక్కు మరొకటి. పావగడ తాలూకా మూడు వైపుల ఆంధ్రప్రదేశ్‌తో చుట్టుకుని ఉన్నది. ఇల్లు కర్ణాటకలో, చేను మడకశిర వైపు ఉన్న కుటుంబం ఒకటి అనుకుందాం. ఇంటి నుండి చేనికి మైలు దూరం. లైసెన్సులో పేర్కొన్న ప్రాంతం కర్ణాటక మాత్రమే అయితే, భుజాన తుపాకితో ఆ గట్టు దాటిన క్షణంలో ఆ రైతు షరతు ఉల్లంఘించినవాడవుతాడు. గట్టు మీద ఏ బోర్డూ ఉండదు. ఎద్దులకు, పందులకు ఆ గీత తెలియదు. మనిషికి మాత్రం తెలిసి ఉండాలి. ప్రాంత పరిధి పెంచమని కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చును. దానికి పాస్‌బుక్కు, ఆవలి రాష్ట్రపు భూమి కాగితాలు జతపరిస్తే అడిగిన కారణం అధికారికి అర్థమవుతుంది. అలాగే చేను కావలివానికి తుపాకి ఇచ్చి పంపే ఆసాములు అతని పేరు లైసెన్సులో ఉన్నదో లేదో చూసుకోవాలి. కావలివాడు పట్టుబడితే కేసు ఇద్దరి మీద నడుస్తుంది, బెయిలు ఖర్చు మాత్రం కూలివాడు పెట్టుకోలేడు.

లైసెన్సే లేని తుపాకుల సంగతి దాచిపెట్టి ప్రయోజనం లేదు. కృష్ణగిరి, ధర్మపురి కొండ గ్రామాలలో నాటు తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించమని పోలీసులు పలుమార్లు పిలుపునిచ్చారు. గడ్చిరోలి జిల్లాలో భర్మార్ బందూకులనే నాటు తుపాకులను గ్రామస్థులు అప్పగించిన సందర్భాలు ఉన్నవి. సిరొంచ వైపు తెలుగువారికి ఆ మాట పరిచయమే. నక్సలైట్ల ఉద్యమం ఉన్న కాలంలో అక్కడా, రాయగడ, కోరాపుట్ ప్రాంతాలలోనూ ఇంట తుపాకి ఉన్నదన్న పేరే రెండు వైపుల నుండి ప్రమాదం తెచ్చేది. పిలుపు వచ్చినప్పుడు ఊరి పెద్దల సమక్షంలో అప్పగించడం తేలిక. సోదాలో దొరికిన తరువాత చెప్పే మాటను ఎవరూ వినరు.

మళ్లీ ఎన్నికల డిపాజిట్ విషయానికి వస్తే, లైసెన్సుదారులందరూ తప్పక అప్పగించవలెనన్నది ఎన్నికల సంఘం నియమం కాదు. బొంబాయి హైకోర్టు 2009లో ఇచ్చిన తీర్పు తరువాత వచ్చిన సూచనల ప్రకారం జిల్లాస్థాయి కమిటీ ఒక్కొక్క లైసెన్సును పరిశీలించి, అవసరమైనవారికి మాత్రమే నోటీసు ఇవ్వాలి. క్రియలో చాలా జిల్లాలలో అందరినీ ఒకే గాటన కట్టి పిలుస్తున్నారు. పంట కోతకు వచ్చిన సమయంలో కావలి తుపాకిని రెండు నెలలు తీసుకుంటే ఎట్లాగని దక్షిణ కన్నడ, కొడగు రైతులు గట్టిగా అభ్యంతరం చెప్పడం తెలిసినదే. కోలారు, కృష్ణగిరి రైతులు అదే ప్రశ్నను రాతపూర్వకంగా జిల్లాధికారి ముందు పెట్టిన దాఖలాలు తక్కువ. నోటి మాటతో ఠాణా మెట్లెక్కి దిగుతున్నారు. పంట రక్షణ లైసెన్సు నకలు, చేను పహణీ జతచేసి కమిటీకి ఒక అర్జీ పెట్టుకోవడానికి లాయరు అవసరం లేదు.

అప్పగించక తప్పనప్పుడు తుపాకికి ముందుగా నూనె పట్టించి, గొట్టం మీది అంకెలు కనబడేటట్లు సెల్‌ఫోనులో ఫోటో తీసుకోవాలి. కొయ్య మీది గీతలు, పగుళ్లు ఉంటే వాటికీ తీయాలి. రసీదులో తుపాకి రకం, అంకె, తేదీ, అధికారి సంతకం ఉన్నవో లేదో అక్కడే చదివించుకోవాలి. ఫలితాలు వెలువడిన వారం తరువాత వెంటనే తిరిగి ఇవ్వవలెనన్నది సూచన. ఇంటికి తెచ్చిన రోజే కడ్డీ దించి చూసి, గొట్టం తుడిచి, పెట్టెలో గొలుసు బిగించి, రసీదును లైసెన్సు పుస్తకంలో పెట్టి పంట రుణం సంచిలో వేయాలి.